కుక్క కరిచాక ఒంట్లో జరిగేది

అందరికీ నమస్కారం. ఈరోజు సెప్టెంబర్ 28, ప్రపంచ రేబీస్ దినం, రేబీస్‌కి వ్యాక్సిన్ తెచ్చిన లూయీ పాశ్చర్ 1895లో చనిపోయింది ఈ రోజే, అందుకే ఈ తేదీ పెట్టారు. నన్ను ఇమ్యూనిటీ గురించి చెప్పమన్నారు. ఇమ్యూనిటీ అనగానే ఇప్పుడు అందరికీ కషాయాలు, పొడులు గుర్తొస్తున్నాయి, నేను వాటి జోలికి పోను, ఒక్క కుక్క కాటు పట్టుకుని దాని వెంటే వెళ్దాం, మన ఒంటికి ఏం చేతనవుతుందో ఎక్కడ దానికి మన సాయం కావాలో అందులోనే తెలిసిపోతుంది.

ముందు మామూలు దెబ్బ చూద్దాం. కాల్లో ముల్లు దిగిందనుకోండి. చర్మం ఉన్నంతవరకు బాక్టీరియా లోపలికి రాలేదు, తెగిందంటే దారి దొరికినట్టే. చర్మం కింద మాక్రోఫేజ్‌లనే కణాలు ఎప్పుడూ ఉంటాయి, అవి వచ్చినదాన్ని మింగేస్తూనే కొన్ని కెమికల్స్ వదుల్తాయి, దాంతో అక్కడి రక్తనాళాలు వెడల్పయి గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు రక్తంలోంచి బయటికొచ్చి అక్కడ చేరతాయి. ఎర్రబడటం, వాయడం, సలపడం అన్నీ ఆ పని జరుగుతున్న గుర్తులే. చీము చూసి కుళ్ళిపోయిందని భయపడతాం గానీ అందులో చాలా భాగం పోరాడి చచ్చిపోయిన న్యూట్రోఫిల్సే.

కాలికి దెబ్బ తగిలిన రెండు మూడు రోజులకి గజ్జల్లో బిళ్ళ కడుతుంది చూశారా? దెబ్బ పాదానికైతే వాపు గజ్జల్లో ఎందుకు? చర్మంలో డెండ్రిటిక్ కణాలని ఉంటాయి, అవి వచ్చిన సూక్ష్మజీవి ముక్కలు తీసుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి పోయి అక్కడున్న టీ కణాలనే తెల్లకణాలకి చూపిస్తాయి. టీ కణాలు, వాటి తోటి తెల్లకణాలైన బీ కణాలు ఒక్కోటీ ఒక్కో ఆకారాన్నే గుర్తుపడతాయి, కోట్లలో ఉన్నా ఈ సూక్ష్మజీవికి సరిపోయేవి బహు కొద్ది. ఆ కొద్ది కణాలే ఒకటి రెండై రెండు నాలుగై పెరగాలి, అందుకే గ్రంథి ఉబ్బుతుంది, అదే బిళ్ళ. అలా పెరిగిన బీ కణాల్లో కొన్ని, ఆ సూక్ష్మజీవికి అతుక్కుని దాన్ని అడ్డుకునే ప్రోటీన్లని తయారుచేస్తాయి, అవే యాంటీబాడీలు. దీనంతటికీ వారం పది రోజులు పడుతుంది. ఈ వారం పది రోజులన్న మాట గుర్తుపెట్టుకోండి, రేబీస్ కథంతా దాని మీదే ఉంది.

ఇప్పుడు రేబీస్ వైరస్ దగ్గరికొద్దాం. దానికున్నవి ఐదే ఐదు జీన్స్. కుక్క చొంగలోంచి గాయంలోకి వస్తుంది, కొద్దిగానే వస్తుంది, కండ దగ్గర ఉంటుంది, కణాల్ని పగలగొట్టి గొడవ చేయదు. గొడవ లేకపోతే మాక్రోఫేజ్‌లు, డెండ్రిటిక్ కణాలు గట్టిగా కదలవు. దానికి తోడు, వైరస్ సోకిన కణం పక్క కణాల్ని హెచ్చరించడానికి ఇంటర్ఫెరాన్ వదలాలి కదా, దాన్ని కూడా ఈ వైరస్‌లోని ఒక ప్రోటీన్ అడ్డుకుంటుంది. ఇక నరంలోకి దూరిందంటే లోపల్లోపలే మెదడు వైపు ఎక్కుతూ పోతుంది, రక్తంలో తిరిగే యాంటీబాడీలకి అది కనపడదు. రేబీస్ లక్షణాలు మొదలయ్యేసరికి చాలామంది పేషెంట్ల రక్తంలో యాంటీబాడీలే ఉండవు, అంటే అప్పటికీ ఒంటికి సంగతి తెలీదన్నమాట! అప్పుడిక మందు లేదు, దాదాపు అందరూ చనిపోతారు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఇలా పోతున్నారని అంచనా, అందులో మూడో వంతుకి పైగా మన దేశంలోనే. నాకు కడుపు రగిలేది ఎక్కడంటే ఇవన్నీ ఆపగలిగే చావులు.

ఎలా ఆపగలం? మెదడు చేరడానికి వైరస్‌కి టైం పడుతుంది, మామూలుగా రెండు మూడు నెలలు, ఒక్కోసారి వారమే, ముఖం మీదో మెడ మీదో కరిస్తే దూరం తక్కువ కాబట్టి ఇంకా త్వరగా. మనం చేసేదల్లా వైరస్ నరంలోకి పోకముందే ఒంటికి ఖబురు అందించడం.

మొదటిది సబ్బు. వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బుకి అది కరిగిపోతుంది, పొర పోతే వైరస్ పనికిరాదు. అందుకే పారే నీళ్ళ కింద 15 నిమిషాలు సబ్బుతో కడగాలి. కారం, సున్నం, కాఫీ పొడి, పసరు ఏదీ పెట్టొద్దు, గాయం మండి ఇంకా దెబ్బతింటుందే తప్ప వైరస్ చావదు.

రెండోది వ్యాక్సిన్. అందులో చంపేసిన వైరస్ ఉంటుంది. అసలు వైరస్ చప్పుడు లేకుండా నక్కితే, దీన్ని మనం నేరుగా డెండ్రిటిక్ కణాల ముందు పెడుతున్నాం. భుజం మీద చర్మంలోకి కొద్దికొద్దిగా ఇచ్చే పద్ధతిలో తక్కువ మందుతోనే పని జరగడానికి కారణం చర్మంలో ఆ కణాలు ఎక్కువుండటమే. పాశ్చర్ 1885 జులైలో 9 ఏళ్ళ జోసెఫ్ మైస్టర్‌కి వ్యాక్సిన్ ఇచ్చి బతికించినప్పుడు యాంటీబాడీల సంగతి ఇంకా ఎవరికీ తెలీదు, ఆలోచన మాత్రం ఇదే, కరిచాక కూడా వైరస్ కంటే ముందు పోవచ్చని.

అయితే వ్యాక్సిన్ వేసినా యాంటీబాడీలు రావడానికి ఆ వారం పది రోజులు ఉండనే ఉంది. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే అంత ఆగకూడదు, అందుకని గుర్రం నుంచో మనిషి నుంచో తీసిన రెడీమేడ్ యాంటీబాడీలు, అదే ఇమ్యునోగ్లోబులిన్, గాయంలోకీ చుట్టూ ఇస్తారు. నొప్పిగా ఉంటుంది నిజమే, పిల్లలు ఏడుస్తారు, కానీ మొదటి వారం అంతా కాపాడేది అదే. అందుకే డాక్టర్ గారు రాస్తే వద్దనకండి. మొదటి వ్యాక్సిన్ వేసి 7 రోజులు దాటాక దాన్ని ఇవ్వరు, ఎందుకంటే అప్పటికి మన సొంత యాంటీబాడీలు మొదలవుతాయి.

బొడ్డు చుట్టూ 14 సూదులని పెద్దవాళ్ళు ఇప్పటికీ భయపెడతారు. అది పాత సెంపుల్ వ్యాక్సిన్, 1911లో కసౌలీలో వచ్చింది, గొర్రె మెదడులో తయారుచేసేవాళ్ళు. మెదడు పదార్థం ఒంట్లోకి పోవడంతో కొందరిలో ఇమ్యూనిటీ తిరగబడి సొంత నరాల్నే దెబ్బతీసేది. ఆ భయానికి అప్పట్లో కారణం ఉంది, ఇప్పుడు లేదు, 2005 నాటికే మన దేశంలో దాన్ని ఆపేశారు. ఇప్పుడిచ్చేవి కణాల్లో పెంచినవి, మొదటి సూది వేసిన రోజుని 0 అనుకుంటే, కండకి అయితే 0, 3, 7, 14, 28 రోజులు, చర్మంలోకి అయితే 0, 3, 7, 28, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. రెండు డోసులయ్యాక గాయం మానింది కదా అని మానేసేవాళ్ళున్నారు, గాయం మానడానికీ ఇమ్యూనిటీ రావడానికీ సంబంధం లేదండీ, దయచేసి పూర్తిచేయండి.

పూర్తి కోర్సు చేసినవాళ్ళకి ఒంట్లో ఆ వైరస్‌ని గుర్తుపెట్టుకునే మెమరీ కణాలు మిగులుతాయి, ఏళ్ళ తరబడి ఉంటాయి. వాళ్ళని మళ్ళీ ఎప్పుడైనా కుక్క కరిస్తే సబ్బుతో కడుక్కుని 0, 3 రోజుల్లో రెండు డోసులు వేయించుకుంటే చాలు, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. అందుకే ఆ ఆసుపత్రి చీటీ పారేయకుండా ఆధార్ కార్డుతో పాటు దాచండి. ఇక మీరు అడగండి, పిల్లల కాట్ల గురించి అమ్మలు ముందు అడిగితే బాగుంటుంది.