శాలువాకు చిమ్మెట కొట్టిందా? కలరా ఉండలు, వేపాకు, ఫ్రీజర్: మూడింటి రివ్యూ

నమస్తే అండీ. మే నెలలో మనుషులే ఉడికిపోయే బెజవాడలో ఉన్ని బట్టల రివ్యూ ఏంటని నవ్వుకోకండి. మా అమ్మ కేదార్‌నాథ్ వెళ్లొచ్చి బీరువాలో పెట్టిన శాలువా ఇదిగో, దగ్గరగా చూపిస్తా. అంచులు శుభ్రంగా ఉన్నాయి. మెడకు తగిలే చోట మాత్రం ఏడు చిల్లులు! అక్కడ చెమట పట్టింది కదా మరి. ఉతక్కుండా మడతపెడితే చిమ్మెటకు విస్తరి వేసి పిలిచినట్టే. ఈ మడతలో నూకగింజలా అంటుకున్న తెల్లటి గూడు చూశారా? తినేది ఇందులోని పిల్లపురుగే. రెక్కలొచ్చి ఎగిరేదానికి అసలు తిండే ఉండదు.

కలరా ఉండలకు సగం మార్కులే. రోజుకు పదిసార్లు తెరిచే బీరువాలో ఆ ఆవిరి నిలవదు. గట్టిగా మూతపడే పెట్టెలో, బట్టల పైన పెడితేనే పని. ఆవిరి గాలికంటే బరువు, కిందికి దిగుతుంది. చంటిపిల్లల బట్టల్లో మాత్రం వద్దే వద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకు ఈ ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు విరిగిపోతాయి.

వేపాకు అమ్మ మాట కాదనలేక పెట్టా. ఆకు ఎండి పొడైంది, పురుగు బతికే ఉంది.

గెలిచింది ఫ్రీజర్. ప్లాస్టిక్ కవర్లో గాలి తీసేసి కట్టి, మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచా. గుడ్లు కూడా చస్తాయి. చేపల పక్కన కవర్ చూసి నాన్న "శాలువా పులుసు ఎప్పుడమ్మా?" అన్నారు. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా కవర్ విప్పకండి, లేకపోతే తేమ పడుతుంది.

అన్నట్టు, చలికాలంలో రోడ్డు పక్కన చవగ్గా కొనే స్వెటర్లలో చాలావరకు యాక్రిలిక్. ఒక పోగు కాల్చి చూడండి. వెంట్రుక కాలిన కంపు వస్తే ఉన్ని, కరిగి ఉండకడితే యాక్రిలిక్. చిమ్మెటకు అది రుచించదు, టెన్షన్ లేదు.

ఇక చిల్లు. అడుగున పాత బల్బు పెట్టి, అంచు నుంచి తీసిన పోగుతోనే ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా ఒకటి విడిచి ఒకటి అల్లాలి. దారం బిగించి లాగితే ముడత పడుతుంది, ఇదిగో, ఇక్కడ నాకు పడింది. ఈ ఒక్క చిల్లుకే గంటన్నర పట్టిందండీ. మిగతా ఆరూ వన్‌టౌన్‌లో రఫూ చేసే ఆయనకు ఇచ్చేస్తున్నా.