నొప్పి తగ్గింది కదా, ఇంకెందుకు?

శ్రోతలకు నమస్కారం.

రాత్రంతా పన్ను సలిపితే లవంగం నొక్కిపెట్టుకుని, మాత్ర మింగి తెల్లారేదాకా ఓర్చుకునేవాళ్లు మన ఇళ్లలో ఎందరో. నాలుగు రోజులకు నొప్పి పోతుంది. "తగ్గింది కదా, ఇంకెందుకు డాక్టరు?" అంటారు. పళ్ల డాక్టరుగా నేను తరచూ వినే మాట ఇది. దీన్ని నిర్లక్ష్యం అంటారు చాలామంది. నాకైతే అందులో భయమే ఎక్కువ కనిపిస్తుంది.

ఈ భయాన్ని కొలవడానికి 1969లో నార్మన్ కోరా అనే అమెరికా పరిశోధకుడు నాలుగు ప్రశ్నలు తయారుచేశారు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే మీకెలా ఉంటుంది? బయట కూర్చుని పిలుపు కోసం చూస్తుంటే ఎలా ఉంటుంది? ఈ రెండింటిలోనూ ఇంకా ఎవరూ మన నోట్లో చెయ్యి పెట్టనేలేదు, గమనించండి. డ్రిల్లు, గార తీసే పనిముట్లు ఆ తర్వాతి ప్రశ్నల్లో వస్తాయి. 1995లో దీన్ని సవరించినప్పుడు ఇంజక్షన్ గురించి ఐదో ప్రశ్న చేర్చారు.

భయపడేవారికి నొప్పి లేకపోవడం మంచి సాకు. కానీ పంటి పైపొర ఎనామిల్‌కు నరాలు లేవు. పుచ్చు అక్కడ ఉన్నంతకాలం ఏమీ తెలియదు. లోపలి పొరకు దిగాక చన్నీళ్లు తాగితే జివ్వుమంటుంది. నరం దాకా వెళ్తే నిద్ర ఉండదు. ఆ నరం చచ్చిపోతే నొప్పి ఆగుతుంది, వేరు కింద చీము మాత్రం పడుతూనే ఉంటుంది. చిన్న సిమెంటుతో పోయే రోజుల్లో అవసరం లేదనిపిస్తుంది. అవసరం తెలిసొచ్చేసరికి రూట్ కెనాలో, పీకడమో మిగులుతుంది.

ఇంకో చిక్కుంది. వాపు బాగా ఉన్నచోట మత్తు ఇంజక్షన్ సరిగ్గా పట్టదు, కింది దవడ పళ్లకు మరీనూ. భయపడి ఆలస్యంగా వచ్చినవారికే నొప్పి ఎక్కువ తెలుస్తుంది. ఇంటికెళ్లి అదే పిల్లలకు చెబుతారు. అల్లరి చేస్తే డాక్టరు సూది పొడుస్తాడని బెదిరించే తల్లులకు చేతులెత్తి మొక్కుతున్నాను, ఆ మాట మానేయండి. పై పన్ను పీకితే చూపు పోతుందన్నదీ నిజం కాదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు.

భయముంటే కుర్చీలో కూర్చోగానే చెప్పండి. సూదికి ముందు చిగురు మీద మత్తు జెల్ రాయమని అడగండి. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపాలని ముందే మాట్లాడుకోండి. చెయ్యెత్తగానే మెషిన్ ఆగడం ఒక్కసారి చూశాక, నా దగ్గరికొచ్చే చాలామంది మళ్లీ చెయ్యెత్తరు.