పాదం పని, ట్రిమ్ పని: చిన్న విమానాల్లో రడ్డర్ ట్రిమ్

సభకు నమస్కారం.

ఇక్కడ విమానం నడపడం నేర్చుకుంటున్న విద్యార్థులూ, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని సిమ్యులేటర్ నడిపేవారూ ఉన్నారు కనుక ఉభయులకూ ఎదురయ్యే ప్రశ్ననే ఎంచుకున్నాను. తోకలో ముక్కును పైకీ కిందికీ కదిపే భాగం ఎలివేటర్, పెడళ్లతో ముక్కును ఎడమకూ కుడికీ తిప్పే భాగం రడ్డర్. వాటిని పైలట్ అదేపనిగా నొక్కి పట్టుకోనవసరం లేకుండా చేసే సర్దుబాటే ట్రిమ్. సెస్నా 172 కాక్‌పిట్‌లో ఎలివేటర్ ట్రిమ్‌కు చక్రం ఉంటుంది, రడ్డర్ ట్రిమ్‌కు మాత్రం సాధారణంగా ఏమీ ఉండదు. అదే కంపెనీ తయారుచేసిన సెస్నా 182లో రెండూ ఉంటాయి. ఈ తేడా ఎందుకు వచ్చింది?

సెస్నాల్లో వాడే లైకమింగ్, కాంటినెంటల్ కంపెనీల ఇంజిన్లున్న విమానాల్లో ప్రొపెల్లర్, పైలట్ సీటు నుంచి చూస్తే, గడియారపు ముళ్ల దిశలో తిరుగుతుంది. అది వెనక్కి నెట్టే గాలి విమానం ఒంటి చుట్టూ మెలితిరుగుతూ వెళ్లి తోక మీది నిలువు రెక్కను ఎడమవైపు నుంచి తాకుతుంది, దానితో తోక కుడికీ ముక్కు ఎడమకూ జరుగుతాయి. ముక్కు ఎత్తి పైకి ఎక్కుతున్నప్పుడు, కుడివైపు కిందికి దిగే బ్లేడు గాలిని ఎక్కువ కోణంలో కోసి ఎక్కువ లాగుతుంది కాబట్టి ఎడమ మొగ్గు ఇంకా పెరుగుతుంది. శక్తి ఎక్కువగా, వేగం తక్కువగా ఉన్నప్పుడే ఈ పీడ ఎక్కువ. తయారీదారులు నిలువు రెక్కనో, ఇంజిన్ అక్షాన్నో కొద్దిగా పక్కకు తిప్పి అమర్చి క్రూజ్ వేగంలో, అంటే సమతలంగా సాగే మామూలు ప్రయాణ వేగంలో, మొగ్గు లేకుండా చూస్తారు. అందువల్లనే ఎక్కేటప్పుడు కుడి పాదానికీ, థ్రాటిల్ మూసి (ఇంజిన్ శక్తి తగ్గించి) దిగేటప్పుడు కొంత ఎడమ పాదానికీ పని పడుతుంది.

172లో రడ్డర్ వెనుక అంచున ఒక చిన్న లోహపు పలక ఉంటుంది. దాన్ని నేల మీద మెకానిక్ వంచుతాడు, గాలిలో ఎవరూ కదపలేరు. పలకను ఎడమకు వంచితే గాలి రడ్డర్‌ను కుడికి నెడుతుంది, ముక్కు కుడికి తిరుగుతుంది. క్రూజ్‌లో రెక్కలను సమంగా ఉంచి, పాదాలు తీసేసి, టర్న్ కోఆర్డినేటర్‌లోని బంతి (విమానం పక్కకు జారుతోందో లేదో చూపేది) ఎటు జరిగిందో చూసి, దిగాక పలకను కొంచెం వంచి మళ్లీ ఎగిరి చూడడమే దాన్ని సరిచేసే పద్ధతి. ఒకే వేగానికీ ఒకే శక్తికీ కుదిరిన ఆ సర్దుబాటు తక్కిన వేళల్లో సరిపోదు. మన శిక్షణ సంస్థల్లో సెస్నా 152, 172లు విరివిగా వాడుకలో ఉన్నాయి కాబట్టి తక్కిన పనంతా విద్యార్థి పాదానిదే. నా దృష్టిలో ఇది లోపం కాదు, నేర్చుకునేవారికి మేలే.

అయితే పలకను వంచే ముందు కారణం వెతకాలి. ఒక రెక్క బరువుగా వాలుతుంటే రెండు ట్యాంకుల్లోని ఇంధనం సమంగా ఉందో లేదో చూడాలి. అది సమంగానే ఉంటే, 172లో రెక్క వెనుక బిగింపు దగ్గర ఆ వాలును సరిచేసేందుకే ప్రత్యేకమైన బుష్షింగులు (బోల్టు చుట్టూ ఉండే లోహపు వలయాలు) ఉంటాయి. ఆ దోషాన్ని రడ్డర్ పలకతో కప్పిపుచ్చితే విమానం నిటారుగా కనిపిస్తూనే పక్కగా జారుతూ ఎగురుతుంది, వేగమూ కొంత పోతుంది.

182 ఇంజిన్‌ది 230 హార్స్‌పవర్. సుదీర్ఘంగా ఎక్కుతున్నంతసేపూ కుడి పెడల్ నొక్కి ఉంచడం శ్రమే కనుక అందులో రడ్డర్ ట్రిమ్ చక్రం ఇచ్చారు. ముందు పాదంతో బంతిని నడిమికి తెచ్చి, ఆ తరువాతే పాదం మీది బరువు పోయేదాకా చక్రం తిప్పాలి. బంతి పక్కకు జరిగి ఉండగా చక్రంతో దాన్ని వెంటాడేవారు చాలామంది కనిపిస్తారు, అది తలకిందులు పద్ధతి. టేకాఫ్‌కు ముందు ట్రిమ్ ఎక్కడుందో చూసుకోవడమూ అంతే అవసరం. రెండో ప్రపంచ యుద్ధ కాలపు స్పిట్‌ఫైర్ యుద్ధవిమానానికి మెర్లిన్ స్థానంలో గ్రిఫన్ ఇంజిన్ అమర్చినప్పుడు ప్రొపెల్లర్ ఎదురు దిశలో తిరిగేది. పాత అలవాటు ప్రకారం ట్రిమ్ పెట్టుకున్న పైలట్‌కు రన్‌వే మీదే గట్టి పాఠం దొరికేది.

ఇక సిమ్యులేటర్ సంగతి. అసలు విమానంలో ట్రిమ్ మార్చితే పెడళ్లు నిలిచే చోటే మారుతుంది, పాదానికి ఆ సంగతి తెలుస్తుంది. ఇంట్లోని జాయ్‌స్టిక్ స్ప్రింగు మాత్రం ఎప్పుడూ తన నడిమికే వస్తుంది. కుడికి నొక్కి పట్టుకుని ట్రిమ్ కూడా కుడికి ఇస్తే రెండూ కలిసి ముక్కు అవసరాన్ని మించి తిరుగుతుంది. కాబట్టి ట్రిమ్ ఇస్తున్న కొద్దీ నొక్కుడు తగ్గించుకుంటూ రావాలి. స్టిక్ క్యాలిబ్రేషన్ (దాని నడిమి స్థానపు సర్దుబాటు) చెడి ఏమీ తాకకపోయినా విమానం పక్కకు పోతుంటే, ట్రిమ్ మీటను నొక్కడం బరువు రెక్కకు పలక వంచడంతో సమానం. ముందు క్యాలిబ్రేషన్ చూడండి. రడ్డర్ పనిని సిమ్యులేటరే చేసిపెట్టే ఆటో రడ్డర్ పెట్టుకుంటే ఈ పాఠమే ఉండదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌లో పీ-ఫ్యాక్టర్ (పైన చెప్పిన కుడి బ్లేడు ఎక్కువ లాగుడు), టార్క్ (ప్రొపెల్లర్ తిరుగుడుకు విమానం ఎదురు తిరగడం) సెట్టింగులను సున్నాకు దించినా అంతే.

ఆటో రడ్డర్ తీసేసి, 182లో పూర్తి శక్తితో 80 నాట్ల దగ్గర ఎక్కుతూ, బంతిని పాదంతో నడిమికి తెచ్చి ట్రిమ్ చేయండి. తరువాత సమతలంలోకి వచ్చి, వేగం పెరుగుతుండగా చక్రం తాకకుండా బంతిని గమనించండి. అది ఎడమకు జరగడం మొదలవుతుంది. అప్పుడు నొక్కవలసింది ఎడమ పెడల్, తిప్పవలసింది చక్రాన్ని ఎడమకు, ఆ వరుసలోనే.