లైసెన్సు సరే, సంపుకు తాళం ఉందా?

వ్యాఖ్యాత: అనంతపురం నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడం. మా వీధిలో బ్యాంకులో, ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు పగలంతా పిల్లల్ని చూసుకోమని అడుగుతున్నారు. ఆరేడుగురు అవుతారు. లైసెన్సు యాడ తీసుకోవాలో తెలీదు. ఒకాయన అన్నీ తానే చేయిస్తానని డబ్బులడుగుతున్నాడు.

సలహాదారు: ఆయనకు రూపాయి కూడా ఇవ్వొద్దు. నగరపాలక సంస్థకు వెళ్లి ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో షాపులు, సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషన్ గురించి మీరే అడగండి. వండి పెట్టేది మీరేనా?

కాలర్: అవును మేడం, మధ్యాహ్నం అన్నం, పప్పు.

సలహాదారు: అయితే ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐలో రిజిస్ట్రేషన్ కూడా చేయించండి. చిన్న వ్యాపారానికి ఫీజు ఏడాదికి 100 రూపాయలే. చిన్న వ్యాపారాల కోసం కేంద్రం పెట్టిన ఉద్యం నమోదు ఉచితం. కరెంటు మీటరు ఇంటి కేటగిరీలోనే ఉండొచ్చా అన్నది కరెంటు ఆఫీసులో అర్జీ పెట్టి రాతలో తీసుకోండి. అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకోలు కూడా కాగితం మీదే ఉండాలి. ఇంతకీ మీ సంపు ఎక్కడుంది?

కాలర్: వాకిట్లోనే. రేకు మూత ఉంది.

సలహాదారు: తాళం?

కాలర్: లేదు మేడం. నీళ్లొచ్చినప్పుడు తీస్తాం, మళ్లీ మూస్తాం.

సలహాదారు: నీళ్లొచ్చే పూట ఇంట్లో ఎంత హడావుడిగా ఉంటుందో నాకూ తెలుసు. మోటారు వేస్తుంటారు, గేటు దగ్గర ఎవరో పిలుస్తారు, మూత అట్లే ఉండిపోతుంది. బరువైన ఇనుప మూత పెట్టించి, గొళ్లెం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. బాత్రూంలో నింపి పెట్టే బకెట్లూ అంతే ప్రమాదం. ఏడాది బిడ్డ తలకిందులుగా పడితే లేవలేదు, అరవనూ లేదు. తలుపుకు బయట, పిల్లల చేతికి అందనంత పైన గడియ పెట్టించండి.

కాలర్: కూలర్ కూడా కొందామనుకుంటున్నాం.

సలహాదారు: ఇనుప బాడీ కూలర్ అయితే ఎర్తింగ్ చూపించుకోకుండా ఆన్ చేయొద్దు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు, పెట్టించండి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే కరెంటు పోవాలి. పోలేదంటే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇంకోటి, మన జిల్లాలో ఈ మాటంటే నన్ను తిడతారేమో గానీ, నాలుగేళ్ల లోపు పిల్లలకు చెనిగ్గింజలు, అదే వేరుశనగ గింజలు, అట్లే చేతికివ్వొద్దు. శ్వాసనాళంలో ఇరుక్కుంటాయి. మెత్తగా పొడి చేసి అన్నంలో కలపండి.

వ్యాఖ్యాత: ఆవిడ ఒక్కరే అంతమందిని చూసుకోగలరా?

సలహాదారు: చూసుకోలేరు. ఆమె వంటింట్లోకి పోతే పిల్లల దగ్గర ఎవరుంటారు? తోడు ఒక మనిషి కావాలి, ఆ మనిషికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. కేంద్రం 2018లో క్రెష్‌లకు, అంటే పగటిపూట పిల్లల్ని చూసుకునే చోట్లకు, కనీస మార్గదర్శకాలు ఇచ్చింది. అవి 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలను దృష్టిలో పెట్టుకుని రాసినవే అయినా, ఇల్లు సర్దుకునేటప్పుడు మీకూ పనికొస్తాయి.

వ్యాఖ్యాత: ఇంకో కాల్, కడప నుంచి.

కాలర్: మేడం, మా పాపను ఇట్లాంటి చోటే వేద్దామనుకుంటున్నాం. ఏం చూడాలి?

సలహాదారు: చెప్పకుండా మధ్యాహ్నం పూట వెళ్లండి, పిల్లలు నిద్రపోయే టైంలో. పక్కన పెద్దవాళ్లు ఎవరైనా కూర్చున్నారా, గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి ఉందా, మిద్దె మెట్లకు గేటుందా చూడండి. పాపను తీసుకెళ్లడానికి ఎవరెవరు రావచ్చో రాసివ్వమని వాళ్లు అడిగితే సంతోషించండి. మీ బావమరిది వచ్చినా, ఆ కాగితంలో పేరు లేకుంటే పాపను పంపేది లేదన్నారనుకోండి, కోప్పడొద్దు.