వెనిస్‌లో గది: కొండ మీదా, కిందా?

"వెనిస్ వెళ్తున్నాం, హోటల్ మాత్రం మెస్త్రేలో తీసుకున్నాం. రేటు బాగా తక్కువ, రైల్లో పది నిమిషాలే!"

ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. రైలు నిజంగానే పది పన్నెండు నిమిషాల్లో దింపుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ అక్కడ ఉండటం వల్ల ఏ వేళలు పోగొట్టుకుంటున్నారో వీళ్లకు ఎవరూ చెప్పలేదు.

తిరుపతి ప్రయాణం గుర్తు తెచ్చుకోండి. మన ఇళ్లలో ముందు అడిగేదేంటి? "గది కొండ మీద దొరికిందా, కిందేనా?" దర్శనం ఎవరికైనా ఒకటే. అయినా పైన దొరికిందంటే ఇంటిల్లిపాదికీ సంబరం. వెనిస్ దీవి కొండ మీద అనుకోండి, ఇవతలి గట్టున, ప్రధాన భూభాగం మీదున్న మెస్త్రే కొండ కింద. మధ్యలో ఘాట్ రోడ్డుకు బదులు, మన పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సు మీద దాదాపు 4 కిలోమీటర్ల వంతెన. రైలుకు 1846లో కట్టారు, పక్కనే రోడ్డుకు 1933లో.

[మ్యాప్ చూపించాలి]

అసలు తిరకాసు ఇక్కడుంది. మెస్త్రే కూడా వెనిస్ మున్సిపాలిటీలోదే. అందుకే వెనిస్ అని వెతికితే అక్కడి హోటళ్లూ వచ్చేస్తాయి. స్టేషన్ పేరు కూడా వెనెత్సియా మెస్త్రే. దీవిలోది వెనెత్సియా శాంతా లూచియా. బోర్డు మీద వెనెత్సియా అని చూడగానే దిగిపోకండి, రైలుకు రెండు పక్కలా నీళ్లు కనిపించాకే లేవండి.

పైన ఉంటే ఏమొస్తుందంటారా? తిరుమలలో పగలంతా క్యూలు, తోపులాట. ఏకాంతసేవ వేళకు మాడవీధుల్లో నడిచి చూడండి, అది వేరే ఊరు. తెల్లవారుజామున సుప్రభాతం వినిపించేటప్పుడు ఇంకో ఊరు. వెనిస్‌కూ ఆ రెండు వేళలే ప్రాణం. పగటి జనం సాయంత్రానికి వంతెన దాటి వెళ్లిపోతారు. నేను పొద్దున ఆరింటికి దీవి మధ్యలోని మార్కెట్ పేట రియాల్తో వైపు వెళ్లాను. పడవలోంచి ఒకతను కూరగాయల పెట్టెలు గట్టు మీదికి అందిస్తున్నాడు. చెత్త తీసేవాళ్లు తోపుడు బండ్లతో గడపగడపకూ తిరుగుతున్నారు. పై అంతస్తులో ఒక పెద్దావిడ కిటికీ రెక్కలు తోస్తే ఆ కిర్రు సందు చివరిదాకా వినిపించింది. కార్లు లేని ఊరు, సైకిల్ కూడా తొక్కనివ్వరు మరి. ఆ చప్పుడు కోసం మళ్లీ అంత డబ్బూ పెడతాను.

అయితే కొండెక్కడానికి మెట్లుంటాయి కదా, ఇక్కడా ఉన్నాయి. ఊళ్లో 400కు పైగా వంతెనలు, చాలావాటికి మెట్లే. అలిపిరిలో నడిచేవాళ్ల సామాను దేవస్థానమే పైకి చేరుస్తుంది. ఇక్కడ 23 కిలోల పెట్టె మీరే మోయాలి, లేదా కూలీకి డబ్బివ్వాలి. మూడో వంతెన దగ్గరికే మోకాళ్ల పర్వతం గుర్తొస్తుంది. అందుకే పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే చోటు: శాంతా లూచియా స్టేషన్ బయటికొచ్చి ఎడమ చేతికి లిస్తా ది స్పాన్యా వీధి. గూలియే వంతెన దాకా ఒక్క మెట్టు వంతెన కూడా ఎక్కక్కర్లేదు. సందడి ఎక్కువే, అందం తక్కువే, కానీ మోకాళ్లు నిలుస్తాయి. సామాను తేలికైతే ఇంకా లోపలికి, కన్నారెజో పేటలో ఉత్తరపు కాలవల వైపో, దోర్సోదూరో పేటకో వెళ్లండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. వాపొరెత్తో, అంటే నీళ్ల బస్సు, టికెట్ 75 నిమిషాలకు 9.50 యూరోలు. జూదెక్కా, లీదో అనే పక్క దీవుల్లో గది తీసుకుంటే ప్రతిసారీ ఆ పడవ ఎక్కాల్సిందే, ఆ ఖర్చు కలిపి చూడండి. 2024 నుంచి కొన్ని రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవాళ్లకు ప్రవేశ రుసుము పెట్టారు. రాత్రి బస చేసేవాళ్లకు మినహాయింపు, మెస్త్రేలో ఉన్నా సరే. పక్క ఊరు పాదొవాలో ఉంటే మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. కారులో వస్తున్నా, అర్ధరాత్రి దిగి పొద్దున్నే వెళ్లిపోతున్నా మెస్త్రేనే మేలు, స్టేషన్‌కు నడిచే దూరంలో చూసుకోండి.

అడ్రస్ చూసి దూరం అంచనా వేయకండి. నంబర్లు వీధికి కాదు, పేటకు మొత్తంగా ఇస్తారు. కాస్తెల్లో అనే పేటలో 6 వేలు దాటతాయి. డబ్బు కట్టే ముందు హోటల్ వాళ్లకు మెసేజ్ పెట్టి మూడు సంగతులు అడగండి: దగ్గరి వాపొరెత్తో రేవు ఏది, అక్కణ్నుంచి ఎన్ని వంతెనలు, లిఫ్ట్ ఉందా.