డీజిల్ ఇంజన్ ఆగాక గ్రిడ్‌ను నిలబెట్టేదెవరు?

మిత్రులారా,

ద్వీపాల్లో సౌర విద్యుత్ మాట రాగానే ‘ఎన్ని మెగావాట్లు పెట్టారు?’ అని అడుగుతాం. డీజిల్ ఇంజన్లు ఆపేశాక ఫ్రీక్వెన్సీని, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగాలో ఆ లయను, ఎవరు నిలబెడతారన్నది అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

పెద్ద గ్రిడ్‌లో వందల జనరేటర్లు ఒకే లయలో తిరుగుతుంటాయి. ఒకటి ఆగినా మిగతావాటి జడత్వం (తిరిగే వేగాన్ని ఒక్కసారిగా పడిపోనివ్వని గుణం) కొన్ని క్షణాలు కాపు కాస్తుంది. చిన్న ద్వీపంలో తిరిగేవి రెండో మూడో. ప్యానెళ్లన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, ఒక్క మేఘం అడ్డొస్తే నిమిషం తిరక్కుండానే ఉత్పత్తి సగానికి పైగా పడిపోవచ్చు. ఆ లోటు పూడ్చడానికి డీజిల్ సెట్లు నడుస్తూనే ఉండాలి. వాటిని సాధారణంగా సామర్థ్యంలో 30 శాతం కన్నా తక్కువ లోడుతో ఎక్కువసేపు నడపరు. నడిపితే ఇంధనం సరిగా కాలక లోపల మసి పేరుకుంటుంది. దాంతో మిట్టమధ్యాహ్నం సౌర విద్యుత్తునే తగ్గించుకోవాల్సి వస్తుంది. ఓడల్లో తెచ్చుకున్న డీజిల్‌ను కాలుస్తూ నెత్తిమీది ఎండను వదులుకోవడం ఎంత బాధాకరం!

మరి బ్యాటరీలు? అమెరికన్ సమోవాలోని తావు ద్వీపంలో 2016లో 1.4 మెగావాట్ల ప్యానెళ్లకు 6 మెగావాట్ అవర్ల బ్యాటరీలు జోడించారు. కొన్ని వందల మంది ఉండే ఆ చోట డీజిల్ అవసరం దాదాపు తీరిపోయింది.

ద్వీపం పెద్దదైతే చిక్కులూ పెరుగుతాయి. హవాయిలోని కవాయిలో 2021 నవంబరులో తెల్లవారకముందే, ఆ సమయానికి సగానికి పైగా కరెంటు ఇస్తున్న జనరేటర్ ఆగిపోయింది. బ్యాటరీలు వెంటనే అందుకోవడంతో ద్వీపమంతా చీకటి కాలేదు. అయితే గ్రిడ్‌లో సెకనుకు 18 నుంచి 20 సార్లు ఊగే ఒడిదుడుకులు మొదలై దాదాపు నిమిషం పాటు సాగాయి. ప్యానెళ్లు, బ్యాటరీల కరెంటును గ్రిడ్‌కు పనికొచ్చే ఏసీగా మార్చే పరికరాలైన ఇన్వర్టర్లలో, గ్రిడ్ లయను వెంబడించేలా అమర్చినవే ఆ ఊపును పెంచాయని విశ్లేషణలో తేలింది. తామే లయను ఏర్పరిచే ఇన్వర్టర్లు దాన్ని అణచగలవు. నన్నడిగితే, ఈ రంగంలో ప్రతి ఇంజనీరూ చదవాల్సిన ఘటన ఇది.

టెండర్లు రాసే అధికారులకు నా విన్నపం ఒక్కటే. బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో రాసి ఊరుకోకండి. ఇన్వర్టర్ సొంతంగా ఫ్రీక్వెన్సీని ఏర్పరచగలగాలని, అతి పెద్ద జనరేటర్ హఠాత్తుగా ఆగితే ఏమవుతుందో కంప్యూటర్ నమూనాలో ముందే పరీక్షించి చూపాలని షరతు పెట్టండి. ఉప్పుగాలికి తుప్పు పట్టే పరికరాలను అక్కడే ఉండి బాగుచేసే సిబ్బంది శిక్షణకూ అదే బడ్జెట్‌లో నిధులు కేటాయించండి.