సెల్ఫ్ మోటార్‌ని తిట్టే ముందు మీటర్ పెట్టండి

(నల్లగొండలో టాక్సీ డ్రైవర్ల ఆదివారం సమావేశంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ మాట్లాడిన పాఠం)

అన్నలకు, తమ్ముళ్లకు నమస్తే. ఆదివారం గిరాకీ వదులుకుని వచ్చారు కాబట్టి సుత్తి కొట్టకుండా పనిలోకి దిగుతా. మీలో చాలామంది షాపుకు వచ్చి అనే మాట ఒకటే: "అన్నా, సెల్ఫ్ పోయింది, కొత్తది వేసెయ్." సెల్ఫ్ అంటే తాళం తిప్పగానే ఇంజన్‌ని మొదట కదిలించే మోటార్. అది వేసేస్తే లాభం నాకే, కాదనడానికి నాకేం పట్టింది? కానీ బండి కిందికి దూరి చూస్తే చాలాసార్లు మోటార్ బాగానే ఉంటుంది, దానికి అందాల్సిన కరెంటే అందదు. అలాంటి బండికి కొత్త మోటార్ బిగించినా నాలుగు రోజులకు మళ్లీ అదే రోగం, అప్పుడు మెకానిక్ దొంగ, మోటార్ డూప్లికేట్. మోటార్ దాకా కరెంటు చేరుతోందో లేదో మల్టీమీటర్‌తో, అంటే వోల్టులు కొలిచే చిన్న మీటర్‌తో, మీ అంతట మీరు కొలుచుకోవడం వస్తే ఈ గోల సగం తగ్గుతుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఈ బల్ల మీద విప్పి పెట్టింది ఒక పాత డీజిల్ బండి సెల్ఫ్. పెద్ద డబ్బా మోటార్, దాని నెత్తిన కూర్చున్న చిన్న డబ్బా సోలనాయిడ్. తాళం తిప్పగానే సన్న వైరు గుండా సోలనాయిడ్‌కి కరెంటు వస్తుంది, లోపలున్న వైండింగులు అయస్కాంతంలా మారి ఈ ఇనుప ప్లంజర్‌ని గుంజుతాయి. ప్లంజర్ ఒక దెబ్బకు రెండు పనులు చేస్తుంది. ఒకవైపు ఫోర్కును లాగి ఈ చిన్న పళ్ల చక్రాన్ని, అదే బెండిక్స్‌ని, ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ పళ్ల రింగు మీదికి తోస్తుంది, ఇంకోవైపు రాగి బిళ్లను తీసుకెళ్లి రెండు మందపాటి బోల్టులకు ఆనిస్తుంది. ఆ బిళ్ల ఆనాకే బ్యాటరీలోని అసలు కరెంటు మోటార్‌లోకి దూకుతుంది. బెండిక్స్ పది పదిహేను చుట్లు తిరిగితే ఇంజన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజన్ అందుకున్నాక ఈ లెక్క తిరగబడి, మోటార్‌ని ఇంజనే పదింతల వేగంతో తిప్పేసి లోపల తిరిగే భాగాన్ని, అదే ఆర్మేచర్‌ని, చెడగొట్టాలి, కానీ సైకిల్ వెనక చక్రంలో ఫ్రీవీల్ ఉన్నట్టు బెండిక్స్‌లోనూ ఒకవైపే పట్టే క్లచ్ ఉంటుంది కాబట్టి బతికిపోతున్నాం. అందుకే ఇంజన్ అందుకున్నాక కూడా తాళం అలాగే పట్టుకుని కూర్చోవద్దంటాను. ఆ క్లచ్ అరిగితే మోటార్ జుయ్యిమని తిరుగుతుంది, ఇంజన్ మాత్రం కదలదు.

పాత అంబాసిడర్లు నడిపిన పెద్దలకు ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పడం గుర్తుండే ఉంటుంది. ఆ హ్యాండిల్ వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్ కార్లలో వచ్చాక ఆ బాధ మెల్లగా తప్పింది. చరిత్ర ఇంతటితో చాలు.

ఇప్పుడు అసలు సంగతి. మీ హెడ్‌లైట్ బల్బు ఒక్కోటి నాలుగైదు ఆంపియర్లు తీసుకుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చిన్న పెట్రోల్ కారు మోటార్ కూడా వంద, నూట యాభై దాకా లాగుతుంది, పెద్ద డీజిల్ బండ్లయితే ఇంకా ఎక్కువ. ఇంత కరెంటు పోయే దారిలో ఓంలో వందో వంతు అడ్డు ఉన్నా చాలు, 150 ఆంపియర్ల దగ్గర ఒకటిన్నర వోల్టు అక్కడే తినేస్తుంది. ఓంలో వందో వంతు అంటే ఏంటో తెలుసా? టెర్మినల్ కింద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడి. బ్యాటరీ నెగటివ్ వైరును బండి బాడీకి బిగించే ఎర్త్ నట్టు సగం వదులవడం. లైట్లు బాగా వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, కాబట్టి బ్యాటరీ ఓకే, సెల్ఫే పోయింది అని తేల్చేస్తారే, అక్కడే మోసపోతారు. లైటుకు కావలసిన నాలుగు ఆంపియర్లు ఆ పొడిలోంచి హాయిగా పోతాయి, నూట యాభై పోవు. మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి వైరు బాగుందనడం కూడా అంతే, అప్పుడు పోయే కరెంటు ఇంకా తక్కువ. పని చేస్తున్నప్పుడు కొలవాలి.

ఎలాగంటే, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు పైకి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు బయటికి, అప్పుడు ఇంజన్ తిరుగుతుంది కానీ అందుకోదు. మీటర్ డీసీ 20 వోల్టుల మీద. ముందు బ్యాటరీ రెండు పోస్టుల మీద, అంటే పైకి పొడుచుకొచ్చిన సీసం ముక్కల మీద పెట్టండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి వస్తే సగమే మిగిలినట్టు. పక్కవాణ్ని సెల్ఫ్ కొట్టమనండి, ఆ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగితే బ్యాటరీ సంగతి చూసుకోవాలి, అది తేలేదాకా మోటార్ జోలికి పోవద్దు. దిగలేదా, ఎర్ర ప్రోబ్‌ని బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, నల్లదాన్ని సోలనాయిడ్ మీద లావు వైరు వచ్చే బోల్టు మీద పెట్టి మళ్లీ కొట్టించండి. పోస్టును పట్టుకునే వైరు క్లాంపు మీద కాదు, పోస్టు సీసం మీదే. అర వోల్టు దాటి చూపిస్తే ఆ వైరులోనో, దాని చివర్లలోనో పోతోంది. అలాగే నెగటివ్ పోస్టుకు, మోటార్ బాడీకి మధ్య. అక్కడ 0.2, 0.3 దాటకూడదు. ఈ ఎర్త్ వైపు ఎవ్వరూ చూడరు, నాకు దొరికే రోగాల్లో ఎక్కువ ఇక్కడే దొరుకుతాయి. ఇవన్నీ బాగుండీ ఇంజన్ ఈడుస్తూ తిరుగుతుంటే, అప్పుడు మోటార్ విప్పండి, నేను అడ్డు చెప్పను.

చెవి కూడా కొంత చెబుతుంది. టకటకటక అని వరసగా కొట్టుకుంటే బ్యాటరీనో, టెర్మినలో. ఒక్కసారి గట్టిగా టక్కుమని ఆగిపోతే రాగి బిళ్ల కాలిందనో, తిరిగే ఆర్మేచర్‌కి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగాయనో అనుమానించాలి. ఈ బిళ్ల చూడండి, ఒక అంచు నల్లగా మాడి గుంటలు పడింది, ఈ బ్రష్షు స్ప్రింగు పట్టులో లేనంతగా కరిగిపోయింది. మోటార్‌ని కర్రతో నాలుగు తడితే స్టార్ట్ అయిందంటారే, అప్పుడు ఈ బ్రష్షు కాసేపు ఆర్మేచర్ చివరున్న రాగి పట్టీలకు, అదే కమ్యుటేటర్‌కి, ఆనిందన్నమాట. ఇల్లు చేరడానికి పనికొస్తుంది, మర్నాడు మాత్రం షాపుకు రండి. అసలు ఏ చప్పుడూ రాకపోతే ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), క్లచ్ స్విచ్, ఆ సన్న వైరు చూడాలి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల పక్కన రాత్రి నిలిపే బండ్లకు ఆ సన్న వైరునే ఎలుకలు కొరుకుతాయి, వాటికేం రుచో!

మన దగ్గర ఇంకో తంటా ఎండ. మే నెలలో నార్కట్‌పల్లి దగ్గర చాయ్‌కి ఆపుతారు, పది నిమిషాల తర్వాత వస్తే బండి టక్కుమంటుంది, స్టార్ట్ కాదు. అరగంట ఆగితే తానే అవుతుంది. బండి ఆగాక గాలి తగలక బానెట్ కింద వేడి పెరుగుతుంది, సైలెన్సర్ పైపు పక్కనే సోలనాయిడ్ ఉంటే ఇంకా చెప్పక్కర్లేదు. రాగి డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున నిరోధం పెంచుకుంటుంది, అంటే డెబ్బై ఎనభై డిగ్రీలు ఎక్కితే ముప్పై శాతం పెరిగినట్టే, దాంతో సోలనాయిడ్ గుంజే బలం తగ్గుతుంది. దానికి తోడు పాత ఇగ్నిషన్ స్విచ్ లోపల ఒక వోల్టు పోతే ప్లంజర్ చివరిదాకా కదలదు. ఇలాంటి బండికి మోటార్ మార్చకండి, ఆ సన్న వైరుకు ఒక రిలే వేసి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇప్పించండి, ఊడిపోయిన హీట్ షీల్డు తిరిగి బిగించండి. బ్యాటరీని చంపేదీ ఈ ఎండే. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయండి, నల్లగొండ బోరు నీళ్ల సంగతి మీకు వేరే చెప్పాలా!

అలవాట్ల దగ్గరికొస్తే, పది సెకన్లు మించి కొట్టవద్దు, కొట్టాక కనీసం అర నిమిషం ఆగండి. లోపలి వేడి పోవడానికి టైం కావాలి. వానాకాలంలో వాగు దాటుతూ నీళ్లలో ఆగిపోతే మాత్రం అసలు సెల్ఫ్ కొట్టొద్దు, సిలిండర్లోకి నీళ్లు పోయుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, మోటార్ ఖర్చు ఇంజన్ ఖర్చు అవుతుంది. ఆటోమేటిక్ బండిని నూకి స్టార్ట్ చేద్దామని మనుషుల్ని పిలవకండి, అది కాదు. సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి స్టార్ట్ అయ్యే బండ్లకు తక్కువకు దొరికిందని మామూలు బ్యాటరీ వేయొద్దు, వాటికి చెప్పిన రకమే వేయాలి. మన్ననూరు దాటి నల్లమల ఎక్కేవాళ్లు డాష్‌బోర్డులో ఒక పదో నంబరు పానా పెట్టుకోండి, చాలా బండ్ల టెర్మినల్‌కి అది సరిపోతుంది. ఎప్పుడైనా రాగి బిళ్ల అతుక్కుపోయి తాళం తీసినా మోటార్ తిరుగుతూనే ఉంటే నెగటివ్ టెర్మినల్ ఊడదీయడమొక్కటే మార్గం, వైర్లు కాలే దాకా చూడకండి. ఎప్పుడు ఊడదీసినా నెగటివే ముందు, బిగించేటప్పుడు అదే ఆఖరు.

రిపేరుకు ఇస్తే బ్రష్షులు, బుష్షులు, బెండిక్స్ ఏవి మార్చారో అడిగి పాతవి చేతిలో పెట్టించుకోండి. బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చే డైనమో బ్రష్షు గీకి సెల్ఫ్‌లో పెట్టేవాళ్లుంటారు, సెల్ఫ్‌లోది రాగి కలిసిన కార్బన్, డైనమోది ఇందులో నిలబడదు. బెండిక్స్‌కి గ్రీజు దట్టంగా పూయించకండి, మన రోడ్ల దుమ్ము అంతా పట్టుకుని ఇరుక్కుంటుంది.

సరే, బయట వేపచెట్టు కింద బానెట్ ఎత్తి పెట్టిన బండి ఉంది, ఎర్త్ నట్టు నేనే కావాలని కొంచెం వదులు చేసి ఉంచాను. మీటర్లు రెండున్నాయి, ఇద్దరిద్దరుగా రండి, ఎన్ని వోల్టులు పోతున్నాయో మీరే చదివి చెప్పండి.